సిదోరివ్నా పెట్టె సర్దుకుంటోంది

"...పైగా వీధి కంచె మీద. మనకి పెరడు లేనట్టు, దండెం లేనట్టు, ఊళ్ళో అందర్నీ వచ్చి చూసిపొమ్మన్నట్టు."

"పెట్టె ముక్కిపోయిన వాసనేస్తోంది వదినా. ఉతికి ఇస్త్రీ చేసిన బట్టలు తీసుకెళ్ళి అందులో పెట్టమంటావా?"

"పెట్టు. పది రోజులు ముక్కిపోయిన గౌను కట్టుకుంటే ప్రాణం పోదు."

"పోదు. కానీ డాక్టర్ల ముందు పడుకోవాలి కదా."

"వాళ్ళు కళ్ళ డాక్టర్లే. నీ గౌను వాసన చూడరు."

"గట్టిగా అనకు. కిటికీ తీసే ఉంది."

కిలీనా గభాలున కిటికీ మూసి, కర్టెన్ కూడా లాగింది. డెబ్బై దాటిన మనిషి, అయినా కోపం వస్తే మోకాళ్ళ నొప్పి గుర్తుండదు. కంచె మీది పెట్టెను తను వెళ్ళి తీసుకొచ్చేసరికి అది అక్కడ గంటసేపు ఎండింది. ఆ గంటలో వీధిలో ఎవరు పోయారో, ఎవరు చూశారో ఆమెకి తెలియదు. ఎదురుగా కూర్చున్న లిపాకి అసలే తెలియదు. ఎందుకంటే లిపాకి కంచె కూడా సరిగా కనపడదు.

లిపా పూర్తి పేరు ఒలింపియాదా సిదోరివ్నా. కిలీనాకి చనిపోయిన తమ్ముడి భార్య. అరవై మూడేళ్ళు. ఇరవై తొమ్మిదేళ్ళు సముద్రం ఆవలి గట్టున స్టేషన్‌లో పనిచేసింది. అణు విద్యుత్ కేంద్రాన్ని ఈ గట్టున అందరూ స్టేషన్ అనే అంటారు. సముద్రం అన్నది కూడా అలవాటు కొద్దీ అనడమే, నిజానికి అది నది మీది పెద్ద జలాశయం. యుద్ధంలో ఆనకట్ట పోయాక నీళ్ళన్నీ వెళ్ళిపోయి, ఇప్పుడు గట్టు నుంచి గట్టు దాకా మనిషెత్తు విల్లో చెట్లు లేచాయి. యుద్ధం వచ్చిన ఏడు ఆవలి గట్టు శత్రువు చేతిలోకి పోయాక, శరత్కాలంలో లిపా ఒక సంచీతో, భర్త వాడిన బైనాక్యులర్‌తో ఈ గట్టుకొచ్చి ఆడపడుచు వంటింట్లో చేరింది. ఆ వంటింట్లో రెండున్నరేళ్ళుగా ఉప్పు ఎంత వేయాలన్న దాని మీద తప్ప పెద్దగా గొడవలు లేవు.

వచ్చిన కొత్తలో వెర్బినే అనే ఈ ఊరంతా ఆమెని ఒకటే అడిగింది.

"స్టేషన్‌లో ఏం పని చేసేవారు, సిదోరివ్నా?"

"లాండ్రీ."

అడిగినవాళ్ళు అర్థమైనట్టు తలూపేవారు. "సరే సరే. చెప్పకూడదులెండి."

"నిజంగా లాండ్రీయే. తెల్ల చొక్కాలు, తెల్ల ప్యాంట్లు, సాక్సులు. ఉతికాక యంత్రం కింద పెట్టి రేడియేషన్ ఉందేమో చూస్తాం. కూత పెడితే మళ్ళీ ఉతుకుతాం. మూడోసారి కూడా కూత పెడితే పారేస్తాం."

"యంత్రం," అని వాళ్ళు ఒకరినొకరు చూసుకునేవారు.

ఆ స్టేషన్‌లో పనిచేసినవాళ్ళెవరూ పని గురించి ఇంట్లో మాట్లాడరని ఈ గట్టున నలభై ఏళ్ళుగా అందరికీ తెలుసు. కాబట్టి లాండ్రీ అనే మనిషి లాండ్రీలో పనిచేసి ఉండదు. ఎంత గట్టిగా కాదంటే అంత పెద్ద ఉద్యోగం. మొదటి చలికాలం గడిచేసరికి లిపా ఊరి లెక్కలో ఇంజినీరయింది, రెండో చలికాలానికి రియాక్టర్ పక్కన కూర్చుని మీటలు తిప్పినావిడయింది.

దానికి తోడు ఆ బైనాక్యులర్. రోజూ పొద్దున్నే టీ తాగాక లిపా కంచె దగ్గర నిలబడి ఆవలి గట్టుకేసి చూసేది. ఆమె చూసేది రియాక్టర్లని కాదు. వాటికి ఎడంపక్క ఊళ్ళో, అయిదో అంతస్తులో, తన బాల్కనీని. వచ్చేటప్పుడు అక్కడ దండెం మీద ఆకుపచ్చ దుప్పటి మర్చిపోయింది. అది ఉందా, ఎవరైనా తీశారా అన్నదే ఆమె బెంగ. కానీ వీధిలో పోయేవాళ్ళు ఆగి అడిగేవారు.

"ఎలా ఉంది, సిదోరివ్నా?"

"బాగానే ఉంది. అలాగే వేలాడుతోంది," అనేది మొదట్లో. వేలాడుతోందనడం విని ఒకామె కళ్ళు తిరిగి పడబోయింది. అప్పట్నుంచి "బాగానే ఉంది" అని ఆపేసేది.

ఆ రెండు మాటలతో ఊరు నడిచేది. బాగానే ఉందంటే పాలు పితికేవారు, పిల్లల్ని బయటికి వదిలేవారు, నెల్యా కొట్టు తెరిచేది. ఒకసారి లిపాకి జ్వరం వచ్చి మూడు రోజులు కంచె దగ్గరికి రాకపోతే నాలుగు కుటుంబాలు నేలమాళిగల్లో కాపురం పెట్టాయి. ఆవలి గట్టు నుంచి ఫిరంగి గుండ్లు వచ్చి పడితే మాత్రం ఎవరూ ఆమెని అడిగేవారు కాదు. అవి కనిపిస్తాయి, వినిపిస్తాయి, ఎక్కడ పడ్డాయో తెలుస్తుంది. వాటితో ఊరికి అలవాటైపోయింది. భయమల్లా కనిపించని దాని గురించే.

లిపాకి శుక్లాలు వచ్చింది ఈ మధ్యలోనే. మొదట దుప్పటి పోయింది. తర్వాత బాల్కనీ, తర్వాత భవనం. కిందటి వేసవికి ఆరు రియాక్టర్ భవనాలూ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. శరత్కాలానికి ఆవలి గట్టంతా పాలు పోసినట్టయింది. అయినా పొద్దున్నే ఆమె బైనాక్యులర్ ఎత్తి పాలలోకి చూసి, "బాగానే ఉంది" అనేది. అబద్ధం ఆడుతున్నానని మొదట్లో మనసు పీకింది. తర్వాత తనకి తనే సర్దిచెప్పుకుంది. రేడియేషన్ కంటికి కనిపించేది కాదు. కనిపించని దాన్ని చూడటానికి కళ్ళుంటే ఎంత, లేకపోతే ఎంత.

కిలీనాకి విషయం ఈ జనవరిలో తెలిసింది. ఒకరోజు వాకిట్లో కొక్కేనికి వేలాడుతున్న కోటుకి లిపా దణ్ణం పెట్టి, లోపలికి రండి, టీ తాగుదురుగాని అంది. కిలీనా ఆ రోజే ఫోన్ పట్టుకుని కూర్చుంది. ద్నిప్రో నగరంలో కళ్ళ ఆసుపత్రి వాళ్ళు నాలుగు నెలల తర్వాత, అంటే ఈ శుక్రవారం రమ్మన్నారు. ముందు ఒక కన్ను. ఈ వారం తప్పితే మళ్ళీ శరత్కాలమే. శుక్లం అప్పటికి రాయిలా గట్టిపడితే తియ్యడం కష్టమని, ఆ తర్వాత ఏ పూచీ ఇవ్వలేనని ఫోన్లో డాక్టరమ్మ చెప్పింది.

అందుకే ఈ పెట్టె. ఎవరికీ తెలియకుండా సర్ది, శుక్రవారం పొద్దున ఆరు గంటల బస్సెక్కించి, తర్వాత ఎవరడిగినా బంధువుల ఇంట్లో చంటిపిల్లకి బాప్తిస్మం అని చెప్పాలన్నది కిలీనా పథకం. ఆరబెట్టని పెట్టెలో ఉతికిన బట్టలు పెట్టడం లిపాకి చేతకాదన్న సంగతి ఆమె పథకంలో లేదు.

పది గంటలకి ఎదురింట్లో పార చప్పుడు మొదలైంది.

"హరాసిమ్ బంగాళాదుంపలు నాటుతున్నాడా?" అంది లిపా.

కిలీనా కర్టెన్ కొంచెం తొలగించి చూసింది. "నిన్ననే నాటేశాడు కదే."

"మరి ఆ చప్పుడేంటి?"

కిలీనా కర్టెన్ ఇంకొంచెం తొలగించింది. "తవ్వి తీస్తున్నాడు. నాటినవన్నీ. గోనెలో వేస్తున్నాడు."

హరాసిమ్ పెద్దగా మాట్లాడే మనిషి కాదు. పెట్టెను చూశాడు, ఇంటికెళ్ళాడు, పార తీశాడు. ఆయన్ని చూసి పక్కింటివాళ్ళు, వాళ్ళని చూసి ఆ పక్కవాళ్ళు. పదకొండయ్యేసరికి వీధి పొడుగునా విత్తనపు దుంపలు మట్టిలోంచి బయటికొస్తున్నాయి. కిలీనా కిటికీ దగ్గర స్టూలేసుకుని కూర్చుని ఒక్కొక్కటే చెబుతూ వచ్చింది.

"హరాసిమ్ పందిని మోటార్‌సైకిల్ పక్క తొట్టిలో ఎక్కిస్తున్నాడు."

"ఎక్కిందా?"

"ముందర సగం ఎక్కింది. వెనక సగం ఒప్పుకోవడం లేదు."

"మరి హన్నా ఏం చేస్తోంది?" హన్నా హరాసిమ్ భార్య.

"మేకకి అయోడిన్ రాస్తోంది."

లిపా చేతిలోని గౌను కింద పెట్టింది. దగ్గొస్తే వీపు మీద, బెణికితే కాలి మీద, అగ్గిపుల్లకి దూది చుట్టి, అయోడిన్‌లో ముంచి, గళ్ళు గళ్ళుగా గీతలు గీయడం ఆ ఊళ్ళో అందరూ చేసే వైద్యమే. రేడియేషన్‌కి అయోడిన్ మంచిదని కూడా అందరూ విన్నారు. రెండూ కలిపేశారు.

"మొత్తం ఒళ్ళంతానా?"

"ఒళ్ళంతా. తెల్ల మేక కదా, లెక్కల పుస్తకంలా తయారైంది. హరాసిమ్‌కి కూడా వీపంతా గీసినట్టుంది, చొక్కా విప్పే తిరుగుతున్నాడు. మెడ దగ్గర ఒక గడి తప్పింది."

"అయోడిన్ మాత్రలు ఇచ్చారు కదా వదినా అందరికీ. చెప్పినప్పుడే మింగమన్నారు."

"మాత్రలు దేవుడి పటం వెనక ఉన్నాయట. తర్వాత ఎప్పుడైనా అవసరమొస్తాయని దాస్తున్నారు."

పన్నెండింటికి ఊరిపెద్ద ఫెదోసీ తలుపు తట్టాడు. చంకలో ఫైలుంది. ఆ ఫైలు ఆయన ఎక్కడికెళ్ళినా ఉంటుంది. దాంట్లో ఏముందో ఎవరూ చూడలేదు.

"సిదోరివ్నా," అన్నాడు కూర్చోకుండానే, "పైనుంచి మాకేమీ రాలేదు. మూడుసార్లు ఫోన్ చేశాను. అంతా మామూలే అన్నారు. అలా అన్నారంటే ఏదో ఉన్నట్టే. మీరు చెప్పండి."

"బాగానే ఉంది," అంది లిపా.

"బాగానే ఉంటే పెట్టె ఎందుకు?"

"బాప్తిస్మం," అంది కిలీనా వెంటనే.

"ఎవరికక్కా?"

"మా పిన్ని మనవరాలి కూతురికి."

"నాస్త్యా కూతురికా? ఆ పిల్ల బళ్ళో పద్యం చెప్పి బహుమతి తెచ్చుకుందని ఈస్టర్ నాడు నువ్వే చెప్పావు."

"ఆలస్యంగా చేస్తున్నారు," అంది కిలీనా. "మధ్యలో యుద్ధం వచ్చింది కదా."

ఫెదోసీ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. గొంతు తగ్గించాడు. "చూడండి, నేను దాయను. నా కారులో తివాచీ, కుట్టుమిషను, మా అత్తగారు ఉన్నారు. పొద్దున పదకొండు నుంచి అందులోనే ఉన్నారు. మీరు కదిలితే నేనూ కదలాలి. కానీ అసలు సంగతి అది కాదు. నెల్యా కొట్టు మూసేసింది. రెండు ట్రాక్టర్లు, ఏడు బండ్లు నాలుగింటికి ఒక్కసారి బయల్దేరతాయట. గట్టు రోడ్డు మీదుగా."

లిపా తల ఆయన వైపు తిరిగింది. గట్టు రోడ్డు రెండు కిలోమీటర్లు. పక్కన చెట్టు లేదు, గోడ లేదు. ఆవలి గట్టుకి అరచేతిలోలా కనిపిస్తుంది. బస్సు కూడా తెల్లారగట్ల మంచులోనే దాన్ని దాటేస్తుంది.

"పగటి పూటా?" అంది.

"పగటి పూటే. చెప్పి చూశాను. సిదోరివ్నాకి తెలియంది నీకు తెలుసా అన్నారు. తొమ్మిది బండ్లు వరసగా పోతుంటే పైన తిరిగే డ్రోన్లు వదిలిపెడతాయా? హన్నా కూతురు బొహ్‌దానా చంటిపిల్లతో మొదటి ట్రాక్టర్లో కూర్చుంది."

లిపా గౌను మడత పెట్టింది, విప్పింది, మళ్ళీ పెట్టింది. ఆ మడత మాత్రం చూడకుండానే గీత గీసినట్టు వచ్చింది.

"వదినా, నా చెయ్యి పట్టుకో. కొట్టు దాకా వెళ్దాం."

"వద్దే. నేనెళ్ళి చెబుతాను, బాప్తిస్మం అని."

"నీ బాప్తిస్మం ఫెదోసీయే నమ్మలేదు."

కొట్టు ముందు అప్పటికే జనం చేరారు. లిపాకి వాళ్ళు రంగుల మచ్చల్లా కనిపించారు. ఒక పెద్ద మచ్చ గురగురలాడింది. అది పంది అయి ఉండాలి.

"బండ్లు దిగండి," అంది లిపా. "స్టేషన్‌లో నాకు తెలిసి ఏమీ జరగలేదు. నేను వెళ్ళేది కళ్ళ ఆపరేషన్‌కి. నాకు శుక్లాలు. కిందటి శరత్కాలం నుంచి నాకు ఆవలి గట్టు కనపడటం లేదు."

ఎవరూ కదల్లేదు. వెనకనుంచి నెల్యా అంది, "ఎంత మంచావిడండీ. మనం భయపడతామని అలా చెబుతోంది."

"నిజం చెబుతున్నాను నెల్యా."

"అవునవును," అంది నెల్యా కళ్ళు తుడుచుకుంటూ. "లాండ్రీ అని కూడా అలాగే చెప్పారు."

ఇరవై తొమ్మిదేళ్ళు ఉతికిన సాక్సులు లిపా మనసులో ఒక్కసారి మెదిలాయి. కిలీనా చటుక్కున ముందుకొచ్చింది.

"హరాసిమ్, ఇలా రా. నీ చేతిలోది పైకెత్తు. ఏంటో చెప్పమను లిపాని."

హరాసిమ్ వచ్చి రెండడుగుల దూరంలో నిలబడి చెయ్యెత్తాడు. లిపా కళ్ళు చికిలించింది. గోధుమరంగు, గుండ్రం, అంచులు కొంచెం ఊగుతున్నాయి.

"కోడి," అంది.

అది ఆయన టోపీ. ఎవరో ఫక్కుమన్నారు. హరాసిమ్ మళ్ళీ ఎత్తాడు, ఈసారి ఏమీ లేకుండా, మూడు వేళ్ళు.

"ఇంకో కోడి," అంది లిపా.

అప్పుడు నమ్మారు. నమ్మాక నవ్వు ఆగిపోయింది. మొదటి ట్రాక్టర్ మీంచి హన్నా గొంతు వచ్చింది.

"అయితే ఇన్నాళ్ళూ బాగానే ఉందని చెప్పిందెవరు?"

"నేనే."

"చూడకుండానా?"

"చూడకుండానే."

"నా మనవరాలిని రోజూ బయట తిప్పానమ్మా నేను. మీ మాట నమ్మి."

లిపా తల వంచుకోలేదు. "తప్పే హన్నా. కానీ చూసిన రోజుల్లో కూడా నేను దుప్పటే చూశాను. అక్కడ ఏదైనా జరిగితే ఇక్కడ నిలబడి చూస్తే తెలిసేది కాదు. రియాక్టర్లు ఆపేసే ఉన్నాయి. ఆపినా లోపల వేడి ఉంటుంది. బోర్ష్ సూప్ కుండ పొయ్యి మీంచి దించినా లోపల ఉడుకుతూనే ఉంటుంది కదా, అలా. దానికి నీళ్ళు కావాలి. నీళ్ళు తోడటానికి కరెంటు కావాలి. రెండూ చూసుకునే మనిషి కంటినిండా నిద్రపోయి లేచినవాడై ఉండాలి. యుద్ధంలో ఈ మూడింట్లో ఏదీ రేపు ఉంటుందని చెప్పలేం. నాకూ భయమే. వాళ్ళ బట్టలు ఉతికినదాన్ని, ఎవరెంత అలిసిపోయారో కాలర్లు చూస్తే తెలిసేది. ఇప్పుడు ఆ కాలర్లు ఎవరు ఉతుకుతున్నారో నాకు తెలియదు. కానీ ఈ రోజు, ఈ మధ్యాహ్నం, మిమ్మల్ని చంపేది ఏదైనా ఉంటే అది గట్టు రోడ్డే. దిగండి."

బొహ్‌దానా ముందు దిగింది. పిల్ల చేతిలో దుంప ఉంది. తర్వాత ఒక్కొక్కరూ దిగారు. పంది మాత్రం ఇప్పుడు తొట్టిలోంచి దిగనంది. దాన్ని ఎక్కించడానికి పట్టిన మనుషులే మళ్ళీ పట్టాల్సి వచ్చింది. ఫెదోసీ కారు దగ్గరికి పరుగెత్తాడు. ఆయన అత్తగారు ఎక్కినప్పటికంటే ఎక్కువసేపు తిట్టుకుంటూ దిగింది.

అయిపోయిందనుకుని లిపా వెనక్కి తిరిగింది. అప్పుడు హన్నా వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది. హన్నా చేతులకి అయోడిన్ వాసన.

"సిదోరివ్నా, ఒక్క మాట. ఆపరేషన్ శరత్కాలంలో చేయించుకోకూడదా?"

"ఎందుకు?"

"దుంపలు మళ్ళీ నాటాలి. మీరు లేకపోతే మా ఆయనకి పార ఆడదు. పొద్దున లేచి కంచె దగ్గర మిమ్మల్ని చూడకపోతే నాకు పాలు పితకడానికి చేతులు రావు."

"నాకు కనపడదని ఇప్పుడే కదా చెప్పాను హన్నా."

"కనపడకపోతే ఏం? ఎప్పట్లాగే నిలబడండి. బాగానే ఉందనండి. మాకది చాలు."

నెల్యా కూడా వచ్చింది. "నిజమేనండీ. మీరు చూడటం లేదని మేం ఎవరికీ చెప్పం. మేమూ మర్చిపోతాం."

"మర్చిపోవడం ఎలా?" అంది కిలీనా. "కోడి అంది కదా."

"రెండు రోజుల్లో మర్చిపోతామక్కా. ఇంతకంటే పెద్దవి మర్చిపోయాం."

ఫెదోసీ ఫైలు సర్దుకున్నాడు. "నేను ఆసుపత్రికి ఉత్తరం రాస్తాను సిదోరివ్నా. ఊరి తరఫున, ముద్ర వేసి. ప్రజల ప్రశాంతత దృష్ట్యా ఆపరేషన్ వాయిదా వేయవలసిందిగా కోరడమైనది అని. మిమ్మల్ని శరత్కాలంలో మొదటి వరసలో పెడతారు."

"శరత్కాలానికి రాయైపోతుందన్నారయ్యా డాక్టరమ్మ," అంది కిలీనా. "రాయైతే తీయలేరు. జీవితాంతం నువ్వు దీన్ని చెయ్యి పట్టుకుని తిప్పుతావా?"

"ఊరంతా వంతులవారీగా తిప్పుతుంది," అన్నాడు ఫెదోసీ, నిజంగానే అన్నాడు. వంతుల పట్టిక అప్పటికే ఆయన మనసులో మొదలైనట్టు ఫైలు తెరిచి కాయితం కోసం వెతికాడు.

వాళ్ళెవరూ చెడ్డవాళ్ళు కారు. అది లిపాకి తెలుసు. ఆమె వచ్చిన చలికాలం కట్టెలు తెచ్చి పడేసింది హరాసిమ్. ఇంటి పైకప్పు గుండు తగిలి పోతే రేకులు వేసింది ఫెదోసీ. ఇప్పుడు వాళ్ళ ముఖాలన్నీ ఆమె ముందు మచ్చల్లా ఉన్నాయి. ఏ మచ్చ ఏడుస్తోందో, ఏ మచ్చ నవ్వుతోందో గొంతు వినిపిస్తే తప్ప తెలియడం లేదు. రెండున్నరేళ్ళుగా ఈ ఊళ్ళో ఉంటూ బొహ్‌దానా పిల్ల ముఖం ఎలా ఉంటుందో ఆమె ఒక్కసారి కూడా చూడలేదు. పిల్ల పుట్టింది పాలు పోసినట్టయ్యాక.

"ఎక్కడుంది పిల్ల?" అంది.

బొహ్‌దానా పిల్లని దగ్గరికి తెచ్చింది. లిపా చెయ్యి చాపితే పిల్ల ఆ చేతిలో మట్టి దుంప పెట్టింది. లిపా దాన్ని వేళ్ళతో తడిమి, మొలక ఎటుందో చూసుకుని, హరాసిమ్ అనుకున్న మచ్చకి అందించింది. అది నెల్యా. నెల్యా తీసుకుని హరాసిమ్‌కి ఇచ్చింది.

"ఉత్తరం రాయకండి ఫెదోసీ గారూ," అంది లిపా. "శుక్రవారం ఆరు గంటల బస్సుకి వెళ్తున్నాను. ముందు కుడి కన్ను."